బస్తాలెత్తే ముందు ఒళ్ళు ఎలా కదపాలి? ఏడెనిమిది నిమిషాల్లో అయ్యేది చెప్పండి

గోదాం మేస్త్రి (రాజాం దగ్గర)

నమస్తే అండీ. రైసుమిల్లు గోదాం, పద్నాలుగు మంది కలాసీలు. పొద్దున్న ఆరున్నరకి మొదటి లారీ వచ్చి నిలబడుతుంది. 50 కిలోల బియ్యం బస్తాలు. దొంతర మీంచి దించి, వీపు మీదో తల మీదో వేసుకుని, పలక ఎక్కి లారీలో పేర్చాలి. నడుం పట్టేయడాలన్నీ మొదటి అరగంటలోనో, టీ తాగి వచ్చిన వెంటనేనో జరుగుతున్నాయి. కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు వంగి కాలివేళ్ళు ముట్టుకుంటారు, మిగతావాళ్ళు తిన్నగా బస్తా మీద చెయ్యేస్తారు.

ఏ వరసలో ఏం చేయించాలి, ఎన్నిసార్లు? ఇద్దరు యాభై దాటినవాళ్ళు బీపీ మాత్రలు వేసుకుంటున్నారు, వాళ్ళ సంగతేంటి? ఇంకోటి, కూలి బస్తా లెక్కన. పది నిమిషాలు ఊరికే నిలబెడితే "బడిపిల్లల డ్రిల్లా ఏటి?" అంటారు. అది కూడా చూసుకుని చెప్పండి.

ఫిజియో, విజయనగరం

మేస్త్రి గారూ, ముందు ఆ కాలివేళ్ళు ముట్టుకోవడం మాన్పించండి. రాత్రి పడుకున్నంతసేపూ వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున్న లేచిన మనిషి సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు పైనే పొడుగుంటాడు, కారణం ఇదే. అలా నిండుగా ఉన్న డిస్కు మీద నడుం పూర్తిగా వంచితే వెనకవైపు బాగా ఒత్తిడి పడుతుంది. లేచి తిరుగుతుంటే ఆ ఉబ్బు చాలావరకు మొదటి గంటలోనే దిగిపోతుంది. అందుకే అయిదింటికి లేచి సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాడూ, ఆరుంబావుకి లేచి బండి మీద వచ్చి దిగినవాడూ ఒకటి కాదు. రెండోవాణ్ణి మొదటి అరగంట కింది వరస బస్తాల జోలికి పోనివ్వకండి. టార్పాలిన్ విప్పడం, పలక వేయడం, పై వరస దించడం, ఇలాంటివి అప్పగించండి.

కండరాన్ని సాగదీసి నిమిషం పైన అలాగే పట్టి ఉంచడం కూడా పనికి ముందు వద్దు. కాసేపు దాని బలం కాస్త తగ్గుతుంది. అవి పని అయ్యాక, స్నానానికి ముందు చేసుకోవచ్చు. పనికి ముందు కావలసింది కదలిక. కాళ్ళ నుంచి మొదలై పైకి రావాలి, చివరికి బస్తా ఎత్తడంలాగే ఉండాలి.

మొదటి రెండు నిమిషాలు గోదాం చుట్టూ నడక. తర్వాత అర నిమిషం నిలబడినచోటే మోకాళ్ళు తుంటి ఎత్తుకి లేపడం. లుంగీ మోకాలి పైకి మడిచి కట్టుకోవాలి, లేకపోతే ఇది సగమే వస్తుంది. ఎంత వేగం అంటే, పక్కవాడితో మాట్లాడగలగాలి గానీ పాట పాడేంత ఊపిరి ఉండకూడదు.

లారీ పక్క డోరు పట్టుకుని మడమలు ఎత్తి దించడం 15 సార్లు. పలక మీద కాలు జారేటప్పుడు కాపాడేది పిక్కే. అలాగే పట్టుకుని ఒక్కో కాలు ముందుకీ వెనక్కీ ఊపడం 10, పక్కకి 10. ఆ తర్వాత సగం గుంజీళ్ళు 10, కాస్త లోతుగా 5. మోకాలు లోపలికి ఒరగకుండా కాలి రెండో వేలు వైపే వెళ్తోందా లేదా మీరు ఎదురుగా నిలబడి చూడండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు ఆ లోతు గుంజీళ్ళు వదిలేయొచ్చు.

అన్నిటికంటే విలువైనది తుంటి మడత. ఒక కర్ర తీసుకుని వెన్ను వెంబడి నిలువుగా పట్టుకోవాలి. తల వెనక, రెండు భుజాల మధ్య, పిర్రల పైన ముడ్డిపూస దగ్గర, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూ ఉండాలి. మోకాళ్ళు కొంచెం వదులు చేసి, వెనకాల స్టూలు ఉన్నట్టు పిర్రలు వెనక్కి తోస్తూ ముందుకి ఒంగాలి. ఏ చోట కర్ర ఒంటిని వదిలిందో అక్కడ ఆగి పైకి లేవాలి. 10 సార్లు. మొదట్లో చాలామందికి ముడ్డిపూస దగ్గర కర్ర లేచిపోతుంది. అంటే తుంటి ఆగిపోయి నడుం వంగుతోందన్నమాట, బస్తా దగ్గర జరిగేదీ అదే. వారం రోజులు కర్రతో చేస్తే తర్వాత కర్ర అక్కర్లేదు.

భుజాలు వెనక్కి 10, ముందుకి 10 తిప్పడం, అదే కర్ర రెండు చేతులతో పట్టి తల పైదాకా 10 సార్లు ఎత్తడం. పిడికిలి బిగించి వదలడం 20. బస్తా మూలలు పట్టేది, హుక్కు లాగేది ఆ వేళ్ళే కదా.

చివరిది మానకండి. ఖాళీ గోనె నేల మీంచి 3 సార్లు ఎత్తడం, తర్వాత 20 కిలోలు పోసిన బస్తా 3 సార్లు, అప్పుడు నిండు బస్తా. మొదటి పది బస్తాలు నింపాదిగా, పై వరసవే. ఇది పనిలో భాగమే కాబట్టి కూలి పోదు.

డ్రిల్లు గొడవకి కూడా దారి ఉంది. ఖాళీ లారీ కాటాకి వెళ్ళి వచ్చేదాకా అందరూ బీడీతో నిలబడి ఉంటారు. ఆ సమయమే మీకు కావలసిన ఏడు నిమిషాలు. జపాన్లో 1928 నుంచీ రేడియోలో కసరత్తు పాట వేస్తున్నారు, అక్కడి ఫ్యాక్టరీల్లో, కట్టుబడి పనుల్లో అది వింటూ అందరూ కలిసి చేస్తారు. ఒకసారికి పట్టేది మూడు నిమిషాలే. మీరూ ఫోన్లో రెండు పాటలు పెట్టండి, అవి అయ్యేసరికి ఇదీ అవుతుంది.

లోడింగ్ లెక్కలు

పై ఆయన చెప్పిన వరస బాగుంది, కాదనను. కానీ ఈ కసరత్తు ఒక్కటే చేయించి నడుములు నిలుస్తాయనుకుంటే మోసపోతారు. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బస్తా ఒంటికి దగ్గరగా, మోకాలి పైన ఎత్తులో, మెలి తిరగకుండా ఎత్తేటప్పుడు, అమెరికా పని భద్రతా సంస్థ లెక్కలో హద్దు 23 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఇచ్చిన సిఫార్సులో మగవాళ్ళకి గరిష్ఠం 55. మీ బస్తా 50. అంటే మొదటి హద్దుకి రెట్టింపు దాటింది, రెండోదానికి దాదాపు ఆనుకుని ఉంది. ఒంటిని ఎంత వేడి చేసినా ఆ అంకె మారదు.

మార్చగలిగేది ఎత్తు. కింది వరసని నేల మీద పెట్టకుండా చెక్క పలకల మీద కనీసం అడుగున్నర లేపండి. వంగడం సగం తగ్గుతుంది, చెమ్మ కూడా పట్టదు. కింది వరస ఎప్పుడూ ఇద్దరు ఎత్తి మూడోవాడి వీపు మీద వేయాలి, ఒంటరిగా లాగి భుజానికి విసురుకోకూడదు. ఇద్దరిలో ఒక్కడే "ఊఁ" అనాలి. ఇద్దరూ అంటే ఒకడు అర సెకను ముందు లేపుతాడు, బరువంతా రెండోవాడి మీద పడుతుంది. బస్తా అందుకున్నాక తిరగాల్సింది పాదాలతో. పాదాలు పాతుకుని నడుంతో తిరిగే ఆ ఒక్క మెలి దగ్గరే ఎక్కువమంది పట్టేయించుకుంటారు. పలకకి అడుగుకో అడ్డపట్టీ కొట్టించండి, తవుడు పడితే ఊడ్పించండి.

జీడి, కాశీబుగ్గ

బరువులెత్తే మగవాళ్ళ గురించే రాశారు. మా పలాస వైపు జీడి పనిలో ఆడవాళ్ళకి ఇంకో రకం బాధ. కటింగ్ మిషన్ దగ్గర ఒక కాలితో తొక్కడం, ఒక చేత్తో పిడి లాగడం. తొక్క తీసేవాళ్ళు గంటల తరబడి కింద కూర్చుని మెడ వంచి ఉంటారు. వీళ్ళకి నడక, గుంజీళ్ళ కంటే చేతులు ముఖ్యం. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కొసలూ ఒక్కోటి తాకడం అటూ ఇటూ 10 సార్లు, మణికట్టు పైకి కిందకి 10, అరచేయి వెల్లకిలా బోర్లా 10. ఇది జీడి జిగురు అంటకుండా చేతికి నూనె రాసుకోక ముందే చేసుకోవాలి, తర్వాత జారుతుంది. గంటకోసారి లేచి నిలబడి రెండు చేతులూ నడుం మీద వేసి వెనక్కి అయిదుసార్లు వంగాలి. తొక్కే కాలు పూటకోసారి మార్చుకునేలా మిషన్ అమరిక ఉంటే ఇంకా మంచిది.

గోదాం మేస్త్రి (రాజాం దగ్గర)

అందరికీ దండాలండీ. కర్ర పద్ధతి రేపే మొదలెడతాను. రెండు అనుమానాలు. బీపీ వాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. తల మీద మోసేవాళ్ళు పొద్దున్నే మెడని గుండ్రంగా గిరగిరా తిప్పుతారు, టకటకమని శబ్దం వస్తుంది, అది మంచిదేనా? ఇద్దరైతే పనికి ముందే నొప్పి మాత్ర వేసుకుని వస్తున్నారు.

ఫిజియో, విజయనగరం

మెడ తిప్పడం ఆపించండి. తల వెనక్కి వేలాడేసి తిప్పితే కీళ్ళు నొక్కుకుంటాయి, కొందరికి కళ్ళు తిరుగుతాయి. దానికి బదులు అరచేయి నుదుటికి ఆన్చి, తల కదలకుండా, చేతిని తలతో మెల్లగా తోయాలి. 5 సెకన్లు, 3 సార్లు. అలాగే తల వెనక, రెండు పక్కలా. సగం బలం చాలు. చుట్టకుదురు నడినెత్తి మీద ఉందో లేదో కూడా చూడండి, నుదుటి వైపు జారితే మెడ రోజంతా ముందుకి వంగి మోస్తుంది.

బీపీ వాళ్ళు మాత్ర వేసుకునే రావాలి. నడక రెండు నిమిషాల బదులు నాలుగు చేయించండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. లేపుతూ నోటితో వదలాలి, అందుకే ఆ "ఊఁ" అనడం మంచి అలవాటు. బీపీ పై అంకె 180 గానీ కింది అంకె 110 గానీ, అంతకు మించి గానీ ఉన్న రోజు బస్తా ముట్టుకోనివ్వకుండా డాక్టరు దగ్గరికి పంపండి. ఛాతీ బిగుతు, ఎడమ చెయ్యి లాగడం, చల్లటి చెమట కనిపిస్తే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి.

నొప్పి మాత్ర సంగతి గట్టిగా చెప్పాల్సిందే. డైక్లోఫెనాక్ లాంటివి నొప్పిని కప్పేస్తాయి, దెబ్బ తగిలినచోటే మళ్ళీ బరువు వేస్తారు. ఆపైన అవి వేసుకుని, చెమటలు కారుతూ నీళ్ళు తక్కువ తాగితే కిడ్నీ మీద పడుతుంది. బీపీ మాత్రలు వాడేవాళ్ళకి ఇంకా ఎక్కువ ముప్పు. కిడ్నీ జబ్బుతో ఉద్దానం పడే పాట్లు మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. రోజూ మాత్ర లేనిదే బస్తా ఎత్తలేని వాణ్ణి డాక్టరుకి చూపించాలి. నడుం నొప్పితో పాటు కాలు ఈడ్చడం, రెండు తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం ఉంటే ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, రేపటిదాకా ఆగకూడదు.

పొద్దున్న తరవాణో (పులిసిన గంజి) చోడి (రాగి) అంబలో తాగి వస్తే మంచిదే, పనికి అరగంట ముందు అవ్వాలి. ఎండాకాలం నడక నీడలోనే చేయించండి, పనిలో 15, 20 నిమిషాలకో గ్లాసు నీళ్ళు ఇప్పించండి.

టీ తర్వాత పట్టేస్తోందన్నారు కదా. అరగంట కూర్చుంటే చెమట ఆరి ఒళ్ళు మళ్ళీ చల్లబడుతుంది. అప్పుడు మొత్తం అక్కర్లేదు. అర నిమిషం మోకాళ్ళు లేపడం, తుంటి మడత 5, ఖాళీ గోనె 2 సార్లు, ఆ తర్వాత పై వరస బస్తాలు నాలుగైదు. కింది వరసకి అప్పుడు దిగమనండి.