రెండు పొయ్యిలు వెలిగిస్తే మంట పడిపోతోంది, టైల్స్ పగలగొట్టాలా?

మిర్యాలగూడలో కొత్త ఇంట్లోకి వచ్చి రెండు నెలలైంది. సిలిండర్ బయట వాష్ ఏరియాలో పెట్టించాం. అక్కడి నుంచి రాగి పైపు గోడలోపల సుమారు 12 అడుగులు వచ్చి గట్టు కింద వాల్వ్ దగ్గర తేలుతుంది.

ఒక్క పొయ్యి వెలిగిస్తే మంట నీలంగా, బాగానే ఉంటుంది. రెండోది వెలిగించిన నిమిషంలోపే రెండూ సగానికి పడిపోతాయి. నిన్న సంక్రాంతి సకినాలు మొదలుపెట్టాం. పక్క పొయ్యి మీద అన్నం పెట్టగానే నూనె వేడి తగ్గి, సకినాలు నూనె పీల్చి మెత్తబడ్డాయి. పట్టుకుంటే వేళ్లకు నూనె కారుతోంది, చాలా బాధేసింది. ఇంకా మూడు కిలోల పిండి ఉంది.

బర్నర్లు కడిగి, జెట్లు పిన్నుతో శుభ్రం చేశాం. సిలిండర్, రెగ్యులేటర్ మార్చాం. బయట కనిపించే జాయింట్లకు సబ్బు నురగ రాసి చూస్తే బుడగలు రాలేదు, వాసన కూడా లేదు. స్టవ్‌ను బయటికి తీసుకెళ్లి రబ్బరు పైపుతో నేరుగా సిలిండర్‌కు కలిపితే రెండు మంటలూ పూర్తిగా వచ్చాయి. అంటే స్టవ్ మంచిదే.

పైపు వేసినతను గోడ పగలగొట్టాలంటున్నాడు. కొత్త టైల్స్, మనసొప్పడం లేదు. లోపం గట్టు కింది వాల్వ్‌లో ఉందో, గోడలోపల నొక్కుకుపోయిన పైపులో ఉందో టైల్స్ తీయకుండా తేల్చుకోవడం ఎలా?