జడుసుకున్న పిల్లవాడికి తాయెత్తా, వైద్యుడా?

సింగ్‌నగర్ తల్లి:
2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా వీధిని ముంచినప్పుడు మా వాడికి ఆరేళ్లు. ఇప్పటికీ చినుకు పడితే చాలు, చెప్పులు తెచ్చి మంచం మీద పెట్టుకుంటాడు. తలుపు కింద సందులో పాత చీర కుక్కుతాడు. మా అత్తగారు ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. మా వారేమో మూఢనమ్మకం అంటున్నారు. మీరేమంటారు?

పటమట వాసి:
మీ వారి మాటే నా మాట కూడా. నాస్తికవాది గోరా గారు 1947లో నాస్తిక కేంద్రాన్ని తెచ్చి నిలిపిన ఊరండీ మన విజయవాడ. ఆ కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ ఏమీ లేదని జనానికి చూపించారు. పిల్లవాడికి కూడా నీళ్లు ఎందుకు వచ్చాయో చూపించి చెప్పాలి. రేపు ఆ తాయెత్తు తెగిపోతే వాడి గతి ఏమిటి?

గుంటూరు పంతులమ్మ:
తెగిపోతే ఏమిటన్నది ఆలోచించవలసిందే. అయినా అత్తగారిని తేలిక చేయకండి. మనం ‘జడుసుకున్నాడు’ అన్నట్టే మెక్సికోలో ‘సుస్తో’ అంటారు. ఉలిక్కిపడినప్పుడు ప్రాణం ఒంట్లోంచి జారిపోయిందని నమ్మి, మూలికల కొమ్మలతో ఒళ్లంతా తుడిచి, దాన్ని వెనక్కి పిలుస్తారు. అక్కడ సుస్తో పట్టిందన్నవారిని పరిశోధకులు కొన్నేళ్లపాటు గమనించి 1984లో ఫలితాలు ప్రకటించారు. తక్కినవారికన్నా వీరిలో జబ్బులూ ఎక్కువే, మరణాలూ ఎక్కువే. కాబట్టి జడుపు ఉందన్న పెద్దవాళ్ల మాట నమ్మండి, దిష్టితో మాత్రం ఆగిపోకండి. నిద్ర, తిండి తగ్గితే వెంటనే మానసిక వైద్యుడికి చూపించండి.

ఇంకో మాట. 1923లో టోక్యోను కూల్చిన భూకంపం వచ్చిందీ సెప్టెంబరు 1నే. జపానులో ఏటా ఆ రోజున విపత్తు కసరత్తులు చేస్తారు, బడిపిల్లలు బల్లల కింద దూరడం నేర్చుకుంటారు. మీ వాడు మంచం మీద చెప్పులు పెట్టుకోవడం కూడా నాకు అలాంటి కసరత్తులాగే కనిపిస్తోంది తల్లీ. పాపం, దాన్ని ఒక్కడే చేస్తున్నాడు. నా బాధంతా అదే.

పటమట వాసి:
కసరత్తుకు ఒప్పుకుంటాను. తాయెత్తుకు మాత్రం ఒప్పుకోను.

సింగ్‌నగర్ తల్లి:
నిన్న సాయంత్రం మబ్బు పట్టింది. ఈసారి నా చెప్పులు కూడా తెచ్చి వాడి చెప్పుల పక్కన పెట్టాను. మా అత్తగారు తన మందుల డబ్బా తెచ్చారు. గ్యాసు ఎక్కడ కట్టేయాలో, మేడ మీదికి ముందు ఎవరు ఎక్కాలో వాడే మాకు చెప్పాడు. తాయెత్తు వాడి చేతికే ఉంది. శనివారం వైద్యుడి దగ్గరకు వెళ్తున్నాం.