అమిష్ ప్రేమ నవలల్లో కనిపించే విశ్వాసం అమిష్ వాళ్లదేనా?

పాలమూరు చదువరి:

అందరికీ వందనాలు. క్రైస్తవ నవలలు ఇష్టంగా చదివేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, అందుకే ఈ మాట ఇక్కడే ఎత్తుతున్నాను. మాది మహబూబ్‌నగర్ వైపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం. పెళ్లయ్యాక పెన్సిల్వేనియా వచ్చాను. అమిష్ వాళ్లుండే లాంకస్టర్ కౌంటీ మాకు కారులో దగ్గరే. మా చర్చి ఆడవాళ్ల మధ్య చేతులు మారే పుస్తకాల్లో సగం అమిష్ ప్రేమ కథలే. నేనూ వరసపెట్టి చదివాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1693లో యాకోబ్ అమ్మాన్ అనే సంఘ పెద్ద వెంట స్విస్ మెన్నొనైట్ క్రైస్తవుల నుంచి విడిపోయినవాళ్లు అమిష్‌లు. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియా రావడం మొదలుపెట్టారు. ఇంటికి కరెంటు లైను ఉండదు, సొంత కారు ఉండదు, ఇంట్లో జర్మన్ మాండలికం మాట్లాడుకుంటారు. ఇప్పుడు 4 లక్షల మంది దాకా ఉన్నారు. వాళ్ల మీద ప్రేమ నవలల జోరు 1997లో బెవర్లీ లూయిస్ రాసిన ‘ది షన్నింగ్’ తర్వాత పెరిగింది. రాసేవాళ్లలో దాదాపు అందరూ అమిష్ కానివాళ్లే. చదివేవాళ్లలో ఎక్కువమంది మనలాంటి ఇవాంజెలికల్ చర్చిల ఆడవాళ్లు.

పైపై వివరాలతో నాకు పేచీ లేదు. లాంకస్టర్‌లో పెళ్లిళ్లు కోతలయ్యాక మంగళ, గురువారాల్లో జరుగుతాయి. పెళ్లి భోజనంలో సెలరీ ఉండాల్సిందే. ఎవరి పెరట్లో సెలరీ మళ్లు ఎక్కువ కనిపిస్తే ఆ ఇంట్లో పెళ్లి ఉందని చుట్టుపక్కలవాళ్లు ఊహిస్తారు. ఇవన్నీ నవలల్లో చక్కగా రాస్తారు. లోపలి విశ్వాసం దగ్గరే తేడా వస్తుంది. కథ ముప్పావు వంతు అయ్యేసరికి అమ్మాయి ఒంటరిగా మోకరిస్తుంది. ఇన్నాళ్లూ నియమాలే పాటించాననీ, ఇప్పుడు ప్రభువు తనకు సొంతమయ్యాడనీ ప్రార్థిస్తుంది. అది మన చర్చిల్లో చెప్పే సాక్ష్యం. ‘నేను రక్షణ పొందాను’ అని తన గురించి తాను చెప్పుకోవడం పాత ఆచారపు (ఓల్డ్ ఆర్డర్) అమిష్‌లకు గర్వంగా కనిపిస్తుంది. తీర్పు దేవుడి చేతిలో ఉంది, మనం ఆశతో విధేయులమై బతకాలి అంటారు వాళ్లు. ఆ అమ్మాయి తల మీద తెల్ల టోపీ వాళ్లది, నోట్లో మాట మనది. ఇది వాళ్లను గౌరవించినట్టు ఎలా అవుతుంది? మీరేమంటారు?

బెజవాడ పాఠకురాలు:

సిస్టర్ గారూ, మీరు చెప్పిన సంగతులు బాగున్నాయి కానీ నేను ఒప్పుకోను. నవలను నవలగా చదవాలి. నేను నైట్ డ్యూటీ చేసే నర్సుని. ఇంటికొచ్చి టీవీ పెడితే సీరియల్‌లో విషం కలిపే అత్తలు, ఫోన్ తెరిస్తే ఇంకా ఘోరం. ఈ నవలలైతే మా అమ్మాయి చేతికివ్వడానికి నాకు టెన్షన్ ఉండదు. పెళ్లికి ముందు హద్దు దాటరు. అన్యాయం చేసినవాణ్ని క్షమిస్తారు. ముసలివాళ్లను అదే ఆవరణలో చిన్న ఇల్లు కట్టి దగ్గరుంచుకుని చూసుకుంటారు. మా ఆసుపత్రిలో పిల్లల ఫోన్ కోసం ఎదురుచూసే పెద్దవాళ్లను రోజూ చూసే నాకు ఆ పేజీలు ఎంత ఓదార్పో చెప్పలేను. మీరు తప్పుపట్టిన ఆ ప్రార్థన దగ్గరే నేను చాలాసార్లు ఏడ్చాను. పైగా అమిష్ ఆడవాళ్లలోనే కొందరు ఇవి చదువుతారట. వాళ్లకు లేని అభ్యంతరం మనకెందుకండీ?

ఒహాయో తెలుగు:

నేనుండేది ఒహాయోలో అమిష్ వాళ్లుండే హోమ్స్ కౌంటీకి దగ్గర్లో. చదువరి గారూ, అమిష్‌లందరినీ ఒకే గాటన కట్టకండి. 1960లలో ఇక్కడే న్యూ ఆర్డర్ అనే శాఖ విడిపోయింది. వాళ్లు రక్షణ నిశ్చయత, అంటే రక్షణ పొందామన్న గట్టి నమ్మకం గురించి బాహాటంగా బోధిస్తారు, సండే స్కూలు నడుపుతారు, పొగాకు మానమంటారు. ప్రేమలో ఉన్న యువతీయువకులకు కట్టుబాట్లు కూడా గట్టివే. వాళ్లూ గుర్రపు బగ్గీల్లోనే తిరుగుతారు. మీరు చెప్పిన ప్రార్థన చేసే అమిష్ అమ్మాయి నిజంగా ఉండొచ్చు.

నా బాధ అట్టల గురించి. కెమెరా ముందు కావాలని నిలబడటానికి ఇష్టపడని మనుషులు వీళ్లు. పుస్తకం మీదేమో కనుబొమ్మలు దిద్దించుకున్న మోడల్, టోపీ కింద నుంచి జారే జుట్టు పాయలు. బగ్గీ రంగు కూడా చూసుకోరు. లాంకస్టర్‌లో బూడిద రంగు, మా దగ్గర నలుపు. పెన్సిల్వేనియా కథకు నల్ల బగ్గీ బొమ్మ వేసిన పుస్తకం మా లైబ్రరీలోనే ఉంది.

పాలమూరు చదువరి:

ఒహాయో అన్నగారూ, న్యూ ఆర్డర్ సంగతి గుర్తుచేసినందుకు థ్యాంక్స్. కథను అక్కడ పెడితే నాకు పేచీ లేదు. నేను చదివిన కథలు మాత్రం ఎక్కువగా లాంకస్టర్ ఓల్డ్ ఆర్డర్ ఇళ్లలోనే జరుగుతాయి.

నర్సు సిస్టర్ గారూ, మీ కన్నీళ్లను నేను తప్పుపట్టడం లేదు. అమిష్ పాఠకుల సంగతి మీరన్నది నిజమే. వాలరీ వీవర్-జర్కర్ అనే మెన్నొనైట్ రచయిత్రి 2013లో ఈ నవలల మీదే ఒక పుస్తకం రాసింది. ఇష్టంగా చదివే అమిష్ వాళ్లూ, ఇదేం రాత అనుకునేవాళ్లూ అందులో ఇద్దరూ కనిపిస్తారు. కానీ నన్ను బాధపెట్టేది ఆ నవలల్లో రాకుండా పోయినది. ఒక్కటి చెప్తాను.

వాళ్లలో బోధకుడు కావడానికి సెమినరీ లేదు, జీతం లేదు. కొత్త బోధకుడు కావాల్సి వచ్చినప్పుడు సంఘ సభ్యులు, ఆడవాళ్లతో సహా, ఒక్కొక్కరే వెళ్లి తమకు తోచిన పేరు మెల్లగా చెప్తారు. తగినన్నిసార్లు పేరు వచ్చిన మగవాళ్లు ముందుకొచ్చి కూర్చుంటారు. ఎంతమంది ఉంటే అన్ని పాటల పుస్తకాలు బల్ల మీద పెడతారు. వాటిలో ఒక్కదానిలోనే వాక్యం రాసిన చీటీ ఉంటుంది. తలా ఒకటి తీసుకుంటారు. బిషప్ ఒక్కో పుస్తకం తెరిచి చూసుకుంటూ వస్తాడు. చీటీ ఎవరి దాంట్లో ఉంటే, పొద్దున పాలు పితికి వచ్చిన ఆ రైతే ఇక జీవితాంతం బోధకుడు. అపొస్తలుల కార్యాల్లో మత్తీయను ఎన్నుకున్న పద్ధతే. మగపిల్లలు బాప్తిస్మం తీసుకునేటప్పుడే, పిలుపు వస్తే కాదనమని మాట ఇచ్చి ఉంటారు. ఆ చీటీ బయటపడ్డప్పుడు భార్యాభర్తలిద్దరూ ఏడుస్తారు, ఆ బరువు తెలిసిన ఏడుపు అది.

ఒక ప్రేమకథకు ఇంతకన్నా ఏం కావాలి? చీటీ వచ్చిన కుర్రాణ్ని పెళ్లాడబోయే అమ్మాయి మనసులో ఏముంటుంది? నేను చదివిన నవలల్లో ఈ ఘట్టం ఎక్కడా రెండు పేజీలు కూడా లేదు. ఎందుకంటే ఇందులో ‘నేను, నా ప్రభువు’ అన్న మాటకు చోటు తక్కువ. సంఘం, మాట, మోయడం, ఇవే ఉంటాయి.

వాదన ప్రియుడు:

మీ ఇద్దరూ వాళ్లను ఆకాశానికెత్తుతున్నారు. నేను లా చదువుతున్నాను. 1972లో అమెరికా సుప్రీంకోర్టు యోడర్ కేసులో, 8వ తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపకపోయినా నేరం కాదని అమిష్ తల్లిదండ్రుల పక్షాన తీర్పిచ్చింది. జస్టిస్ డగ్లస్ ఒక్కరే, ఆ పిల్లలకేం కావాలో వాళ్లనే అడగాలి కదా అని విడిగా రాశారు. డాక్టరు కావాలనుకునే అమిష్ అమ్మాయి పరిస్థితేంటి? వెలి సంగతి కూడా అంతే. బాప్తిస్మం తీసుకుని బయటికెళ్లినవాడు పుట్టింటికొస్తే విడిగా బల్ల వేసి అన్నం పెడతారు, అతని చేతి నుంచి వస్తువు తీసుకోరు. నవలల్లో ఇది రెండు మంచి సీన్లకు పనికొచ్చి, చివరికి అందరూ కలిసిపోతారు. విశ్వాసం ఎవరిదన్న గొడవ కన్నా ఇది పెద్ద అబద్ధం కాదా?

పాలమూరు చదువరి:

తమ్ముడూ, ఆ బాధ నిజం. బాప్తిస్మానికి ముందే వెళ్లిపోయినవాళ్లకు వెలి లేదు, శాఖను బట్టి కాఠిన్యం మారుతుంది, అయినా వెలిలో ఉన్నవాడికి ఆ లెక్కలు ఓదార్పునివ్వవు. నా ఫిర్యాదు, నీ ఫిర్యాదు రెండూ ఒకటే అనిపిస్తోంది. ఆ విధేయతను తియ్యగా మార్చేసినప్పుడే వెలి కూడా తేలికైపోయింది.

జడ్చర్ల బ్రదర్:

అమ్మా, మనిద్దరిదీ ఒకే సంఘం కాబట్టి చనువుగా అడుగుతున్నాను. 1860లో రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, మన మెన్నొనైట్ బ్రదరెన్ విడిపోయింది దేనికోసం? మారుమనస్సు అనుభవం లేకుండా ఆచారంగా బాప్తిస్మాలిస్తున్నారనే కదా. ఆ అనుభవాన్ని నువ్వే నవలలో తప్పంటే ఎలా? అమిష్ అమ్మాయి ప్రభువును వ్యక్తిగతంగా తెలుసుకుంటే సంతోషించాలి.

పాలమూరు చదువరి:

బ్రదర్ గారూ, ఆ అనుభవం నాకు ప్రాణం. నా సాక్ష్యం మన చర్చిలో నిలబడి చెప్పినదాన్నే. కానీ ఈ కథల్లో అమిష్ తల్లిదండ్రుల విశ్వాసం మొదటి నుంచీ లోటుగానే కనిపిస్తుంది, అమ్మాయి దాన్ని దాటొస్తేనే వెలుగు. 2006 అక్టోబరు 2న లాంకస్టర్ కౌంటీలోని నికెల్ మైన్స్‌లో ఒకడు అమిష్ బడిలోకి దూరి ఐదుగురు ఆడపిల్లల్ని చంపాడు. ఆ సాయంత్రమే అమిష్ పెద్దలు అతని కుటుంబం దగ్గరికి వెళ్లి క్షమించామని చెప్పారు. తర్వాత అతని సమాధి కార్యక్రమానికీ వెళ్లారు. రక్షణ నిశ్చయత గురించి ఒక్క ముక్క మాట్లాడని మనుషులు చేసిన పని అది. వాళ్లకు ఏదో తక్కువైందని కథ కట్టడానికి నాకు మనసొప్పదు.

మన అనుభవానికి మన కథలే ఉన్నాయి. 1889లో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి మన దేశానికొచ్చి నల్గొండలో పనిచేశారు. మీ జడ్చర్లలో మిషన్ ఆసుపత్రి పెరిగింది. అక్కడ పనిచేసిన తెలుగు నర్సు కథో, ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిల్ ఉమెన్ కథో ఎవరైనా నవలగా రాస్తే, ఆ మోకాళ్ల ప్రార్థన దగ్గర నేనూ ఏడుస్తాను.

నర్సు సిస్టర్ గారూ, మీ అమ్మాయికి ఇవ్వడానికి ఒక పేరు చెప్తాను: లిండా బైలర్. ఆమె అమిష్ సంఘంలోనే ఉండి అమిష్ అమ్మాయిల కథలు రాస్తుంది. అవీ ప్రేమ కథలే, హద్దు దాటవు. ముందు మీరు చదివి, మీకు అలవాటైన నవలలకూ వాటికీ ఏం తేడా కనిపించిందో ఇక్కడే రాయండి. నాతో ఏకీభవించకపోయినా సరే.