పింక్ ఫ్లాయిడ్ ఎక్కడ మొదలుపెట్టాలి: సంకలనమా, పూర్తి ఆల్బమా?

ప్రశ్న అడిగినవారు: మా అమ్మాయికి పదిహేనేళ్లు, గిటార్ నేర్చుకుంటోంది. ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పాటలు వింటానంటోంది. 2001లో వచ్చిన ‘ఎకోస్’ సంకలనం ఇస్తే చాలా, 1967 నాటి తొలి ఆల్బమ్ నుంచి వరుసగా వినమనాలా?

గిటార్ విద్యార్థి: సంకలనమే ఇవ్వండి. రెండు డిస్కులు, 26 పాటలు. నచ్చిన పాటను బట్టి ఆల్బమ్ తనే వెతుక్కుంటుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను.

పాత క్యాసెట్: నేను ఒప్పుకోను. ఆ సంకలనానికి పేరిచ్చిన ‘ఎకోస్’ పాటనే అందులో కోసేశారు! 1971 నాటి ‘మెడిల్’ రికార్డులో రెండో వైపంతా ఆ ఒక్క పాటే, 23 నిమిషాలకు పైగా. సంకలనంలో మిగిలింది పదహారున్నర.

మా మామయ్య నాకు ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ క్యాసెట్ ఇచ్చినప్పుడు నాదీ మీ అమ్మాయి వయసే. గుండె చప్పుడుతో మొదలైంది. మొదటి వైపు చివర గాయని క్లేర్ టోరీ ఒక్క మాటైనా లేకుండా, కేవలం గొంతుతో వేడుకుంటుంది, విలపిస్తుంది, నెమ్మదిస్తుంది. టేపు టక్కున ఆగింది. కాసేపు క్యాసెట్ తిప్పబుద్ధి కాలేదు. తిప్పాక నాణేల గలగల, ‘మనీ’ పాట. ఆఖర్న మళ్లీ అదే గుండె చప్పుడు. పాటలు ఏరుకుని వింటే ఇదంతా దక్కదు.

వరుస పక్షం: అయితే 1967 నుంచే వినాలి కదండీ. తొలి ఆల్బమ్‌కు ప్రాణం బృందం గాయకుడు, గిటారిస్టు సిడ్ బారెట్. మనసు చెదిరి 1968లో బృందానికి దూరమయ్యాడు. 1975లో అతని మీద కట్టిన ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ పని లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో సాగుతుండగా అతనే అక్కడికి వచ్చాడు. లావెక్కి, తలా కనుబొమలూ గొరిగించుకుని ఉన్న ఆ మనిషిని స్నేహితులే వెంటనే పోల్చుకోలేకపోయారు. అతని గొంతు ముందే వినకపోతే ఆ పాటలోని దుఃఖం ఎలా అందుతుంది?

పాత క్యాసెట్: బారెట్ సంగతిలో మీ మాట కాదనలేను. కానీ ఆ తొలి ఆల్బమ్ ఒక పట్టాన కొరుకుడు పడదు, పిల్లలు అక్కడే ఆపేస్తారు. అందుకే ముందు 1973 నాటి ‘డార్క్ సైడ్’, వెంటనే 1967, ఆ తర్వాత ‘షైన్ ఆన్’ పాట ఉన్న 1975 నాటి ‘విష్ యూ వర్ హియర్’. ‘డార్క్ సైడ్’కు పట్టేది 43 నిమిషాలే. అమ్మాయి పక్కన మీరూ కూర్చోండి. ‘మనీ’ మొదలయ్యే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆపండి.