రబ్బీ అకీవా 24 ఏళ్ళు ఇంటికే రాలేదా? ఆ కథ నిజమేనా?

సందేహాలరావు:
పాతకాలపు యూదు పండితుడు రబ్బీ అకీవా గురించి ఎవరు చెప్పినా ఒకటే కథ. కల్బా సవూవా అనే పెద్ద ధనవంతుడి మందలు కాసే మనిషి, 40 ఏళ్ళొచ్చినా ఓనమాలు రావు, యజమాని కూతురు అతనిలో ఏదో చూసి "చదువుకోడానికి వెళ్తానంటే చేసుకుంటా" అని గుట్టుగా పెళ్ళాడింది, తండ్రి మండిపడి చిల్లిగవ్వ ఇవ్వనని ఒట్టుపెట్టుకుని ఇంట్లోంచి గెంటేశాడు. ఇంతవరకు బాగానే ఉంది. 12 ఏళ్ళ తర్వాత 12 వేల మంది శిష్యులతో తిరిగొస్తాడు. ఇంటి దగ్గరికొచ్చేసరికి ఎవరో ముసలాయన ఆమెతో "మొగుడు బతికుండగానే ఇంకెన్నాళ్ళమ్మా ఈ విధవ బతుకు" అనడం, ఆమె "నా మాట వింటే ఇంకో 12 ఏళ్ళు చదువుకోమంటాను" అనడం చెవినపడతాయి. అంతే, ఆమె అనుమతి దొరికిందిగా అని అట్నుంచి అటే వెనక్కి వెళ్ళిపోతాడు. లోపలికొచ్చి ఒక్క మాట కూడా మాట్లాడడు!

పట్టుదలకి ఉదాహరణగా ఈ కథ చెప్తుంటే అందరూ తలూపుతారు, నాకు మాత్రం అక్కడే మింగుడు పడట్లేదు. ఇది జరిగిందా, తర్వాతివాళ్ళు అల్లిందా? తల్మూద్ (యూదు పండితుల చర్చలు, కథలు కూర్చిన పాత గ్రంథం) చదివినవాళ్ళెవరైనా చెప్పండి.

పాతపలక:
మీరు చెప్పింది బాబిలోనియా తల్మూద్‌లో, కెతుబోత్ అనే భాగంలో ఉన్న కథ. ఆవోత్ దె రబ్బీ నాతాన్ అనే ఇంకో పాత పుస్తకం‌లో ఇంకో రకంగా ఉంది, నాకదే ఇష్టం. అక్కడ గుట్టు పెళ్ళి లేదు, 24 ఏళ్ళ ఎడబాటూ లేదు. 40 ఏళ్ళ అకీవా ఒక బావి దగ్గర రాయి గుంట పడి ఉండటం చూసి దీన్నెవరు తొలిచారని అడుగుతాడు. రోజూ పడే నీళ్ళే అంటారు. మెత్తటి నీళ్ళు రాయినే తొలిస్తే, ఇనుములాంటి తోరా (యూదుల ధర్మశాస్త్రం) మాటలు నా గుండెని తొలవవా అనుకుంటాడు.

ఈ బావి ముక్క అందరికీ తెలిసిందే, దాని తర్వాత వచ్చేదే ఎవరూ చెప్పరు. కొడుకుని వెంటబెట్టుకుని చిన్నపిల్లల పంతులు దగ్గరికి వెళ్తాడు. పలక ఒక చివర తండ్రి పట్టుకుంటాడు, రెండో చివర కొడుకు. పంతులు ఆలెఫ్, బేత్ అనే మొదటి హీబ్రూ అక్షరాలు రాసిస్తే ఇద్దరూ కలిసి నేర్చుకుంటారు. ఆ తర్వాతే రబ్బీ ఎలియేజెర్, రబ్బీ యెహోషువా అనే పెద్ద గురువుల దగ్గరికి వెళ్ళడం. రోజూ ఒక కట్టెల మోపు తెచ్చి సగం అమ్మి ఇల్లు గడుపుకుంటాడు, మిగతా సగం రాత్రిపూట మండిస్తాడు. పొగకి పక్కింటివాళ్ళు తట్టుకోలేక "అకీవా, చంపేస్తున్నావు, ఆ కట్టెలు మాకే అమ్మేసి ఆ డబ్బుతో దీపానికి నూనె కొనుక్కో" అని గొడవకొస్తే, ఈ మంట దగ్గర చదువూ సాగుతుంది, చలీ ఆగుతుంది కదా అంటాడు. చూశారా, ఈ అకీవా ఇంట్లోనే ఉన్నాడు, పొగతో సహా.

లెక్కలమాస్టారు:
జరిగిందా అంటే, అంకెలు చూడండి. సిఫ్రే అనే పాత వ్యాఖ్యానంలో మోషే, పెద్ద గురువులైన హిల్లెల్, యోహానాన్ బెన్ జక్కాయ్, అకీవా నలుగురికీ 120 ఏళ్ళ ఆయుష్షే, దాన్ని 40 చొప్పున మూడు ముక్కలు చేసి చెప్తారు. కాబట్టి ఆ 40 ని పుట్టిన తేదీ లెక్కలా చూడక్కర్లేదు, మోషే పక్కన కూర్చోబెట్టడానికి వేసిన పీట అది. 12 ఏళ్ళకి 12 వేల మంది, 24 ఏళ్ళకి 24 వేల మంది కూడా అలాంటివే. పైగా కల్బా సవూవా అంటే క్రీ.శ. 70 లో దేవాలయం కూలకముందు యెరూషలేము ముట్టడి కథలో కనిపించే ముగ్గురు ధనవంతుల్లో ఒకడు, అంటే ఆ పేరూ ఇంకో కథలోంచి తెచ్చుకున్నదే కావచ్చు.

గట్టిగా చెప్పగలిగింది వేరే. దేవాలయం కూలిన తర్వాతి తరాల్లో పెద్ద తలకాయ ఈయన. బ్నే బ్రాక్‌లో పాఠాలు చెప్పాడు. రోమన్ల మీద యూదులు చేసిన బార్ కోఖ్బా తిరుగుబాటు (132-135) రోజుల్లో రోమన్ల చేతిలో చనిపోయాడు, ఇనుప దువ్వెనలతో ఒళ్ళు చీరుతుంటే షెమా (దేవుడు ఒక్కడే అని చెప్పే యూదు ప్రార్థన) చదువుతూ "ఏఖాద్" (ఒక్కడే) అన్న మాట దగ్గర ప్రాణం పోయిందని తల్మూద్ చెప్తుంది.

చదువు లేనివాడన్నది మాత్రం నేను నమ్ముతాను. కారణం, తల్మూద్ భాగమైన పెసాహీమ్‌లో ఆయన నోటితోనే చెప్పించిన మాట: నేను పామరుడిగా ఉన్నప్పుడు ఒక పండితుడు దొరికితే గాడిదలా కరిచేవాణ్ణి అనుకునేవాణ్ణి. శిష్యులు "కుక్కలా అనండి గురువుగారూ" అంటే, కాదు, గాడిద కరిస్తే ఎముక విరుగుతుంది అంటాడు. గొప్ప చేసి చెప్పేవాడెవడూ ఇలాంటిది కల్పించడు.

అర్ధరాత్రి చదువరి:
సందేహాలరావు గారూ, మీకు మింగుడు పడనిది తల్మూద్ కూర్చినవాళ్ళకి కూడా పూర్తిగా పడలేదేమో. ఆ కథ ఒక్కటే చదివితే తెలియదు. దానికి ముందు ఏముందో చూడండి. రవ్ రెహూమీ అనే ఆయన మహోజా అనే ఊళ్ళో చదువుకుంటూ ఏడాదికోసారి, యోమ్ కిప్పూర్ (యూదుల ప్రాయశ్చిత్త దినం) ముందురోజు మాత్రం ఇంటికొచ్చేవాడు. ఒక ఏడు చదువులో పడి మర్చిపోయాడు. భార్య "ఇప్పుడొస్తాడు, ఇదిగో వస్తాడు" అని ఎదురుచూసి చూసి, రాకపోయేసరికి ఆమె కంట్లోంచి ఒక్క చుక్క రాలింది. అదే క్షణంలో అక్కడ ఆయన కూర్చున్న పైకప్పు కూలి ప్రాణం పోయింది. ఇంకొకాయన 12 ఏళ్ళ తర్వాత చెప్పాపెట్టకుండా లోపలికొస్తే పిండి జల్లిస్తున్న భార్య ఆ అదురుకి ప్రాణం వదిలింది, ఆయన ప్రార్థిస్తే బతికింది. ఈ వరసలో పెట్టారు అకీవా కథని. అమాయకంగా పెట్టారనుకోను.

ఇంకో సంగతి, కెతుబోత్‌లో ఆమె పేరే లేదు. అకీవా కూతురు కూడా బెన్ అజ్జాయ్ అనే పండితుడి విషయంలో తల్లిలాగే చేసిందని, "గొర్రె వెంట గొర్రె పోతుంది" అని సామెత వేస్తారు. గొర్రె అన్న ఆ మాట అరామిక్ భాషలో "రహేలా". రాహేలు అన్న పేరు పాతపలక గారు చెప్పిన పుస్తకంలోనే దొరుకుతుంది.

సందేహాలరావు:
ఇది నాకసలు తెలియదు, థాంక్స్. అయితే ఒక గొడవ ఉంది. భార్య కంటే అందమైన ఇంకొకామె కనిపిస్తే చాలు, విడాకులివ్వొచ్చని తీర్పు చెప్పింది కూడా ఈ అకీవాయేనట కదా?

లెక్కలమాస్టారు:
అవును, మిష్నాలో (తల్మూద్ చర్చలకి మూలమైన పాత న్యాయ సంకలనం) గిట్టీన్ అనే భాగం చివర ఉంది. షమ్మాయ్ అనే గురువు వర్గం వాళ్ళు తప్పు నడత ఉంటేనే అంటారు, హిల్లెల్ వాళ్ళు వంట మాడ్చినా చాలంటారు, అకీవా మీరన్నట్టు అంటాడు. "అతని కళ్ళకు నచ్చకపోతే" అన్న ద్వితీయోపదేశకాండము మాటని పట్టుకుని లాగాడు. ఒక్కో మాటనీ అలా పిండడం ఆయన పద్ధతి. అలాగని నేను దాన్ని వెనకేసుకు రాను.

అర్ధరాత్రి చదువరి:
ఆ తీర్పు ఇచ్చిన మనిషి గురించే తల్మూద్ భాగమైన నెదారీమ్‌లో ఇంకో ముక్క ఉంది. చలికాలం, పడుకోడానికి గడ్డి తప్ప ఏమీ లేదు. పొద్దున్నే ఆమె జుట్టులో చిక్కుకున్న గడ్డిపరకలు ఏరుతూ, నా దగ్గర డబ్బుంటే నీకు బంగారు యెరూషలేము చేయించేవాణ్ణి అంటాడు. అంటే ఆ నగరం ఆకారంలో తలకి పెట్టుకునే నగ. రెండో తల్మూద్ అయిన యెరూషలేము తల్మూద్‌లో ఆ నగ నిజంగానే చేయిస్తాడు. అప్పటి పెద్ద గురువు రబ్బన్ గమ్లియేల్ భార్య కుళ్ళుకుంటే, నువ్వు ఆమెలా చేశావా, ఆమె జడలు అమ్మి అతన్ని చదివించింది అంటాడు ఆయన.

పాతపలక:
గడ్డి ఏరిన జుట్టునే అమ్ముకుంది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చదవలేదు నేను.

సందేహాలరావు:
నేను పొగ కథ వైపే. కానీ 24 ఏళ్ళ తర్వాత ఆమె వచ్చి కాళ్ళమీద పడితే శిష్యులు నెట్టేయబోతారు చూడండి, అప్పుడాయన "వదలండి, నాదీ మీదీ అంతా ఆమెదే" అంటాడు. ఆ మాట కోసం కెతుబోత్ కథని కూడా వదలలేకపోతున్నా.