‘కుడి ఎడమైతే’ పాటలోని లంగరు: పాత పాటల లోపలి అర్థాలను ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: కావలి ఉపాధ్యాయిని

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. కావలిలో మేము కొందరం నెలకొకసారి ఒకచోట కూర్చొని పాత సినిమా పాటలను సాహిత్య దృష్టితో వింటూ ఉంటాము. ఈసారి 1953లో వచ్చిన ‘దేవదాసు’ చిత్రంలో ఘంటసాల గారు పాడిన ‘కుడి ఎడమైతే’ పాటను తీసుకున్నాము. చిన్నప్పటినుంచి అందరి నోటా నానిన పాటే అయినా, ఒక్కొక్క పాదానికీ అర్థం చెప్పబోయేసరికి మా గోష్ఠి రెండు పక్షాలుగా చీలిపోయింది.

ఒక పక్షం వారు ప్రతి మాట వెనుకా ఒక రహస్యం ఉందన్నారు. భార్యది భర్తకు ఎడమవైపు స్థానం కనుక ‘కుడి ఎడమ’ అంటే పార్వతి మరొకరి పక్కన చేరడమనీ, మసకబారిన చందమామ చంద్రముఖి అనీ, నడిసంద్రం సంసారమనీ, లంగరు గురువు చెప్పే ఉపదేశమనీ వారు వివరించారు. రెండవ పక్షం వారు దీన్ని పూర్తిగా తోసిపుచ్చి, తాగినవాడి పలవరింతకు వరుసైన అర్థం వెతకడమే అనవసరమనీ, బాణీలో ఒదిగే మాటలను కవి కూర్చాడనీ అన్నారు. ఈ మధ్యలో ఒకరు, పాట ఎవరు రాశారో తేలితే అర్థం కూడా తేలుతుందని మొదలుపెట్టగా మిగిలిన సమయమంతా ఆ చర్చకే సరిపోయింది.

నాకు ఈ మూడు దారులూ తృప్తినివ్వలేదు. ‘లాయిరీ నడిసంద్రములోన లంగరుతో పనిలేదోయ్’ అన్న పాదం విన్న ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఉత్త పలవరింతకు అంత శక్తి ఉండదు. అలాగని లంగరు అంటే గురూపదేశమని పిల్లలకు చెప్పడానికి నాకు మనసు ఒప్పదు. ఆ పాదానికి మీరు చెప్పుకునే అర్థం ఏమిటి? పాటలోనే దాగిన అర్థాన్నీ, మనం తెచ్చి అంటించిన అర్థాన్నీ వేరుచేసి చూడడానికి ఆధారం ఏదైనా ఉందా? దయచేసి తెలియజేయండి.

జవాబు: కొత్తపట్నం తీరవాసి

మేడం గారికి నమస్కారం. మాది తరతరాలుగా సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. సాహిత్య శాస్త్రం నాకు తెలియదు కానీ, లంగరు సంగతి తెలుసు. మీ గోష్ఠిలో ఎవరూ లంగరును లంగరుగా చూడలేదని నాకు అనిపించింది.

లంగరు తన బరువుతో పడవను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని అడుగునున్న నేలను పట్టుకోవడం. కొక్కేలు ఒండులోనో ఇసుకలోనో దిగబడాలి, తాడు ఏటవాలుగా సాగి ఉండాలి. అందుకోసం నీటి లోతుకు కొన్ని రెట్లు పొడవుగా తాడు వదలవలసి వస్తుంది. తాడు నిలువుగా వేలాడితే లంగరు పట్టదు, గాలి ఎటు తోస్తే పడవ అటు పోతుంది. ఒడ్డుకు దగ్గరలో, లోతు తక్కువగా ఉన్నచోట దానంత నమ్మకమైన వస్తువు మరొకటి లేదు. అడుగు అందని లోతులో మాత్రం అది పడవలో పడి ఉన్న ఇనుము మాత్రమే.

ఇది తెలిసినవాడికి ఆ పాదం మరొక విధంగా వినిపిస్తుంది. పైకి అది ‘నాకు ఎవరి ఆసరా అక్కరలేదు’ అని మత్తులో పలికిన బింకం. లోపల ఉన్నది ఆసరా ఉన్నా అందని స్థితి. లంగరు పడవలోనే ఉంది, కానీ అది పట్టుకోవడానికి కింద నేల లేదు. ఇంటివారు, నేస్తాలు, ప్రాణమిచ్చే ఆడవారు చుట్టూ ఉండి కూడా దేవదాసును నిలబెట్టలేకపోయారు కదా. గురూపదేశం దాకా వెళ్ళకుండానే, లంగరు చేసే పని నుంచే ఈ అర్థం దానంతట అదే వస్తున్నది.

‘సుడిలో దూకి ఎదురీదక మునకే సుఖమనుకోవోయ్’ అన్న పాదంలోని సుడిని గురించి కూడా ఒక మాట. సుడిలో చిక్కినవాడు ఎదురీదితే త్వరగా సత్తువ కోల్పోతాడు. అందుకే మా పెద్దలు సుడికి ఎదురీదవద్దనే నేర్పారు. పక్కకు తప్పుకొని బయటపడడానికి ఒంట్లో బలం మిగలాలని వారి ఉద్దేశం. దేవదాసు ఆ బుద్ధిమాటలో మొదటి సగాన్నే తీసుకున్నాడు. ఎదురీదవద్దన్నంతవరకు ఒప్పుకొని, బయటపడే సంగతి వదిలేసి, మునకే సుఖమనుకోమంటున్నాడు. ఈ సంగతి తెలిసినవాడికి అక్కడే ఒళ్ళు జలదరిస్తుంది.

జవాబు: నెల్లూరు మూలపేట పాఠకుడు

కొత్తపట్నం మిత్రుల వివరణ చదివి చాలా సంతోషించాను. ఆలంకారికులు (కావ్యశాస్త్రం రాసినవారు) వాచ్యార్థం, అంటే మాటకు నేరుగా ఉన్న అర్థం, గట్టిగా నిలబడితేనే వ్యంగ్యార్థం, అంటే లోపల స్ఫురించే అర్థం, పుడుతుందని చెప్పారు. లంగరు ముందు లంగరుగా అర్థం కావాలి. ఆ తరువాతే అది మరొకదాన్ని సూచించగలదు.

ఉపాధ్యాయిని గారు అడిగిన ఆధారం మన శాస్త్రంలోనే ఉంది. 11వ శతాబ్దపు మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో, ఒక వాక్యం నుంచి లోపలి అర్థం స్ఫురించడానికి తోడ్పడే అంశాలను పేర్కొన్నాడు. పలుకుతున్నది ఎవరు, వింటున్నది ఎవరు, గొంతులోని కాకువు (భావాన్ని బట్టి మారే స్వరం) ఏమిటి, ప్రస్తావం ఏమిటి, పక్కన ఉన్నది ఎవరు, దేశం ఏది, కాలం ఏది అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న ఒకే మాట ఒకరికి పని ముగించవలసిన వేళ అయిందనీ, మరొకరికి సంధ్య వార్చాలనీ, ఇంకొకరికి ప్రియుడు వచ్చే సమయమైందనీ స్ఫురిస్తుందని ఆయన చూపించాడు. అర్థాలు అనేకం కావచ్చునన్నమాట. అయితే ప్రతి అర్థానికీ ఆ వాక్యాన్ని వినే ఒక మనిషి ఆ సందర్భంలో ఉండాలి.

మన పెన్న ఒడ్డు కవి తిక్కన ఇందులో ఎంత నేర్పరో విరాటపర్వం చదివినవారికి తెలుసు. కీచకుడు తన్నిన తరువాత ద్రౌపది విరాటుని సభలో నిలబడి, కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజుతో, తన భర్త నటుడనీ, పైగా జూదరి అనీ, జూదరి ఆలికి గౌరవం ఎక్కడిదనీ అంటుంది. సభలోని వారికి అది ఒక సైరంధ్రి తన పెనిమిటిని గురించి చెప్పుకున్న గోడు. ధర్మరాజుకు అది గుండెల్లో దిగిన బాణం. ఏ ఒక్క పదానికీ అక్కడ నిఘంటువు మార్చనవసరం లేదు. వినేవాడు మారితే అర్థం మారిపోతున్నది.

ఇక సినిమా పాటకు వస్తాను. సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో పుట్టిన ఆచార్య ఆత్రేయ గారు 1964 నాటి ‘మూగమనసులు’ కోసం రాసిన ‘పాడుతా తీయగా చల్లగా’ పాటను ఈ దృష్టితో వినండి. పడవ నడిపే గోపి, భర్తను పోగొట్టుకున్న రాధను పసిపాపలా నిదురపొమ్మని జోకొడుతున్నాడు. ‘మనిషిపోతే మాత్రమేమి మనసు ఉంటది’ అన్నప్పుడు రాధకు అందేది పోయిన భర్తను గురించిన ఓదార్పు. పోయినవారంతా మంచివారనీ, ఉన్నవారు పోయినవారి తీపి గురుతులనీ అనడంలో గోపి మర్యాద కూడా ఉంది. తన మనసును అతను ఎక్కడా బయటపెట్టలేదు. కానీ అతను ఆమెను ఎంతగా ఆరాధిస్తున్నాడో చూస్తూ వచ్చిన ప్రేక్షకుడికి అదే పాదం నోరు తెరిచి చెప్పలేని ప్రేమగా వినిపిస్తుంది. మరికొంచెం వెనక్కి జరిగి కథ మొత్తాన్ని తలచుకుంటే, చిత్రం మొదటే పూర్వజన్మ జ్ఞాపకాలతో ఆరంభమైంది కనుక, జన్మ జన్మకూ గట్టిపడే నేస్తమన్న మాట అక్షరాలా జరిగిన సంగతిగా మారుతుంది. ఓదార్పు, ప్రేమ, పునర్జన్మ అనే మూడు అర్థాలూ ‘పడతది’, ‘ఉంటది’ వంటి పడవవాడి పలుకుబడిలోనే ఇమిడిపోయాయి. ఒక్కచోట కూడా కవి గోపిని పక్కకు నెట్టి తాను ముందుకు రాలేదు. తెలుగు సినిమా పాటల్లో ధ్వనికి, అంటే ఇలా లోపలి అర్థం స్ఫురించడానికి, ఇంతకన్నా గొప్ప ఉదాహరణ నాకు కనిపించదు.

‘కుడి ఎడమైతే’ విషయంలో కాకువును మరచిపోకూడదు. ‘ఓడిపోలేదోయ్’ అన్న మాట కాగితం మీద నిరాకరణ. ఘంటసాల గారి గొంతులో అది ఓటమిని ఒప్పుకోవడం. గెలిచినవాడు తాను ఓడిపోలేదని చెప్పుకోడు. వామభాగం వివరణ పాండిత్యానికి బాగానే ఉంటుంది కానీ, ఆ క్షణంలో ఆ స్థితిలో ఉన్న దేవదాసు అలా ఆలోచిస్తాడని పాట నమ్మించదు. ఏది కుడో ఏది ఎడమో తెలియని మత్తు, ఏది జరిగినా ఒకటేనన్న విరక్తి, ఈ రెండూ ఆ పల్లవికి చాలు. చందమామ కూడా అంతే. మసకేసే ముందు చందమామ ఎవరికైనా కబురు పంపుతుందా అన్నది ప్రశ్న. ఆపద చెప్పి రాదని దాని లోపలి మాట. చంద్రముఖి పేరులో చంద్రుడు ఉన్నంత మాత్రాన ఆమెను అక్కడికి లాక్కురానవసరం లేదు.

రచయిత సంగతి కూడా చెబుతాను. చిత్రంలో సముద్రాల రాఘవాచార్య గారి పేరు ఉంది. ఈ పాటల వెనుక మల్లాది రామకృష్ణశాస్త్రి గారి చేయి ఉందన్న మాట సాహితీ వర్గాల్లో చాలాకాలంగా ఉన్నదే. ఇద్దరూ మహాపండితులే, ఇద్దరిలో ఎవరిని తలచుకున్నా నడిసముద్రంలో లంగరు నేలను పట్టదు.

జవాబు: వెంకటగిరి నేత కుటుంబం

పెద్దలు చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. ఒక విన్నపం. ప్రతి మంచి పాటలోనూ దాగిన అర్థం ఉండి తీరాలన్న పట్టుదల కొన్ని పాటలకు అన్యాయం చేస్తుంది. ఆత్రేయ గారే 1957లో ‘తోడికోడళ్ళు’ చిత్రానికి రాసిన ‘కారులో షికారుకెళ్ళే’ పాటలో దాచినది ఏమీ లేదు. బుగ్గల రంగు, మేడ రాయి, కట్టుకున్న చీర ఎలా వచ్చాయో చెప్పగలవా అని నిలదీసి, జవాబు కూడా ఆయనే చెప్పారు. జిలుగు చీరను చిరుగుపాతల నేతగాళ్ళు నేశారనీ, చాకిరీ ఒకరిది సౌఖ్యం ఒకరిది అయితే ఇక సాగదనీ బాహాటంగా ప్రకటించారు. ఆ కాలంలో ఒక వినోద చిత్రంలో అంత సూటిగా చెప్పడమే ఆ పాటలోని సాహసం. దాన్ని కూడా గూఢార్థాల జాబితాలో చేర్చి, ‘ఇక్కడ కవి శ్రమ సిద్ధాంతాన్ని రహస్యంగా పొందుపరిచాడు’ అని వీడియోల్లో చెబుతుంటే బాధ కలుగుతుంది.

ఆ నేతగాళ్ళు మా వెంకటగిరి వారేనని మా పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. సన్నని నూలుతో, జరీ అంచుతో మా మగ్గాల మీద దిగే చీరలకు పాటలోని వర్ణన సరిగ్గా సరిపోతుంది, కవి కూడా పాత నెల్లూరు జిల్లావారే. అయినా దాన్ని కవి ఉద్దేశమని నేను ఎక్కడా చెప్పను. పాటలో ఊరి పేరు లేదు, ఏ ఊరి నేతగాడైనా ఆ పాదాన్ని తనదిగా వినవచ్చు. మా పెద్దలు అలా విన్నారు. ‘కవి ఇలా అన్నాడు’ అనడానికీ, ‘మేము ఇలా విన్నాము’ అనడానికీ మధ్య గీత చెరిగిపోకుండా చూసుకుంటే మీ గోష్ఠిలో తగాదా సగం తగ్గుతుందని నా నమ్మకం. రెండవది తక్కువదేమీ కాదు, మా ఇంట్లో ఆ పాట అందుకే నిలిచింది.

ఉపాధ్యాయిని గారి సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. లంగరు పని తీరు తెలిసిన తరువాత ఆ పాదం నాకు పూర్తిగా వెలిగింది. వచ్చే గోష్ఠిలో దానితోనే మొదలుపెడతాను. ఎవరు పలుకుతున్నారు, ఎవరు వింటున్నారు అన్న ప్రశ్నలను తరగతిలో పిల్లలచేత కూడా అడిగిస్తాను. ఇంకొక్క సందేహం మాత్రం మిగిలింది. ‘మేడలోనే అల పైడిబొమ్మా, నీడనే చిలకమ్మా’ అన్నచోట మేడలోని పైడిబొమ్మ జమీందారును పెళ్ళాడిన పార్వతి అని అందరం ఒప్పుకున్నాము. నీడనున్న చిలకమ్మ ఎవరు? చంద్రముఖి అని మాలో చాలామంది అన్నారు. మూలపేట మాస్టారు గారు దీన్ని కూడా పరిశీలించి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: నెల్లూరు మూలపేట పాఠకుడు

అమ్మా, చంద్రముఖి అనుకోవడానికి వీలుంది కానీ, దాని తరువాతి పాదాన్ని కలిపి చదివితే నాకు అది నిలబడదు. కొండలనే రగిలించే వడగాలి ‘నీ సిగలో పూవేనోయ్’ అని దేవదాసు తనకు తానే చెప్పుకుంటున్నాడు. కవి ఇక్కడ నీడను, వడగాలిని ఎదురెదురుగా నిలబెట్టాడు. రోహిణీకార్తెలో మన కనిగిరి, ఉదయగిరి కొండల వైపు తిరిగినవారికి ఈ పోలికలోని తీవ్రత వేరే చెప్పనవసరం లేదు. ఒకరికి మేడ, నీడ దక్కాయి. మరొకరికి ఎండ మిగిలింది. చిలకమ్మ చంద్రముఖి అయితే ఈ ఎదురుబొదురు చెదిరిపోతుంది, ఎందుకంటే చంద్రముఖికి ఆ కథలో నీడ ఎక్కడా దొరకలేదు. పైడిబొమ్మ, చిలకమ్మ ఇద్దరూ పార్వతే అనుకుంటే వాక్యం ఒకటవుతుంది. ఆ రెండు మాటల్లో ఆమె దుఃఖం కూడా ఉంది: మేడలో ఉన్నది బంగారమే కానీ బొమ్మ, నీడన ఉన్నది చిలకే కానీ ఎగరలేనిది. తాను ఎండలో ఉండి, ఆమెకు నీడ దొరికిందని ఊరడిల్లబోయిన దేవదాసుకు ఆ ఊరట కూడా దక్కలేదని నేను ఈ పాదాన్ని చదువుకుంటాను. ఇది నేను విన్న తీరు; మీ గోష్ఠిలో చంద్రముఖి పక్షం వారు తరువాతి పాదంతో కలిపి తమ అర్థాన్ని నిలబెట్టగలిగితే దాన్ని ఇక్కడ తప్పక రాయండి.