పలాస జీడి యూనిట్‌లో చేతి కటింగ్ నుంచి ఆటో మెషీన్లకు: పనివాళ్లనీ మేస్త్రీలనీ ఎలా కలుపుకెళ్లాలి?

ఉద్దానం పిక్క అడిగారు:

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గ పక్కన చిన్న జీడిపప్పు యూనిట్. రోజుకు 14 బస్తాల పిక్కలు (పెంకుతో ఉన్న జీడి గింజలు) ఆడుతాయి, బస్తా 80 కిలోలు. 50 మంది ఆడవాళ్లు పని చేస్తారు. 24 మంది కటింగ్ మీద, మిగతావాళ్లు పొట్టు తీత, గ్రేడింగ్ మీద. అందరిదీ కిలో లెక్క కూలే. పైన ఇద్దరు మేస్త్రీలు.

వచ్చే సీజన్‌కి రెండు ఆటో కటింగ్ మెషీన్లు, ఒక పీలింగ్ (పొట్టు తీసే) మెషీన్, రంగు చూసి పప్పు ఏరే కలర్ సార్టర్ ఒకటి దింపుతున్నాం. ప్రతి టిన్నుకీ లాట్ నంబరు కావాలని కొనేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి నోటు పుస్తకం తీసేసి తూకాలు కంప్యూటర్‌లో ఎక్కించాలి. 2018 తిత్లీ తుఫానులో ఉద్దానం తోటలు దెబ్బతిన్నాక బయటి పిక్క వాడకం పెరిగింది, అది లాట్ లాట్‌కీ ఒక్కో తీరుగా ఉంటుంది.

మెషీన్ల మాట బయటికి రాగానే కటింగ్ వాళ్లు "మా కూలి ఏటవుద్ది బాబూ?" అని అడుగుతున్నారు. చెయ్యి తిరిగిన వాళ్లు కొందరు పక్క యూనిట్‌కి పోయే ఆలోచనలో ఉన్నారు. మేస్త్రీల్లో ఒకరు సై అంటున్నారు, ఇంకొకరు గుండు (విరగని పప్పు) మొత్తం బద్దైపోద్దని (రెండుగా విడిపోద్దని) అందరితో అంటున్నారు. అన్నీ ఒకేసారి పెట్టెయ్యాలా, ఒక్కొక్కటిగానా? కూలి సంగతి ఎప్పుడు తేల్చాలి?

బొబ్బిలి ఫ్లోర్ జవాబు:

కూలి సంగతి మెషీన్ లారీ దిగకముందే తేల్చండి. మిగతావన్నీ దాని తర్వాతే. కిలో లెక్క మీద బతికేవాళ్లకి కొత్త పని నేర్చుకోవడమంటే రోజు కూలి తగ్గడమే. ఆ నష్టం వాళ్ల మీద పడుతున్నంత కాలం మీరెంత నచ్చజెప్పినా చెవికెక్కదు.

ఒక్కొక్కరి మూడు నెలల కూలి తీసి, పండగ వారాలు పక్కనపెట్టి, రోజు సగటు కట్టండి. మెషీన్ నడిచిన మొదటి 8 వారాలు ఆ సగటుకి ఒక్క రూపాయి తగ్గదని కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఎవరి సగటు ఎంతో వాళ్లకి విడిగా చూపించి సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోండి. 8 వారాల తర్వాత రేటు ఎలా కడతారో కూడా అదే కాగితంలో ఉండాలి.

ఖర్చుకి భయపడకండి. ఒక్కొక్కరికి రోజుకు 80 రూపాయలు తగ్గుతుందనుకుంటే 24 మందికి 26 రోజులకి 49,920. ఇప్పుడు రెండో పక్క చూడండి. 14 బస్తాలంటే 1,120 కిలోల పిక్క, పప్పు 22 శాతం చొప్పున 246 కిలోలు. గుండు నూటికి పది తగ్గిందా, రోజుకు 25 కిలోలు బద్దా ముక్కల్లోకి పోయినట్టే. కిలోకి 100 రూపాయల తేడా వేసుకున్నా నెలకి 65 వేలు. మనసు విరిగిన మనిషి పప్పు తీసే తీరులోనే ఆ పది శాతం పోతుంది.

ఇంకో మాట. 24 మంది చేసే పని మెషీన్ల మీద ఎంతమందికి సరిపోతుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ సంఖ్య చెప్పేయండి. పిక్క ఎక్కించడానికి, డొక్క (పెంకు)లోంచి పప్పు వేరు చేయడానికి, కట్ కాని పిక్క తిరగెయ్యడానికి ఎవరు, మిగతావాళ్లు ఎక్కడికి వెళ్తారు అన్నది పేర్లతో సహా ఉండాలి. "ఎవరినీ తియ్యం" అన్న మాట లెక్క కుదిరితేనే అనండి. పీలింగ్ మెషీన్, సార్టర్ వచ్చాక అక్కడా చేతులు తగ్గుతాయి, వాళ్లకి ఆ మాత్రం లెక్క వచ్చు.

గుండు లెక్క జవాబు:

పై మాటలతో ఏకీభవిస్తూ, ఫ్లోర్ సంగతి చెప్తాను. నాలుగూ ఒకేసారి పెట్టకండి. బద్ద పెరిగితే ఎందుకు పెరిగిందో తేలదు. కటింగ్‌కి ముందు పిక్కని ఆవిరిలో ఉడికించే బాయిలర్ వాడు కటింగ్‌ని, కటింగ్ వాళ్లు పిక్కని, మేస్త్రి మెషీన్‌ని అంటారు. గొడవ అక్కడ మొదలవుతుంది.

మొదట సైజింగ్ జల్లెడ ఒక్కటే పెట్టండి, కటింగ్ చేత్తోనే సాగనివ్వండి. సైజు విడగొట్టిన పిక్క చేతి కటింగ్‌కీ మేలే కాబట్టి ఎవరూ వద్దనరు, మార్పు వల్ల తమకీ లాభముందని మొదటి రెండు వారాల్లోనే కనిపిస్తుంది. తర్వాత ఒక మెషీన్, ఒకే సైజు పిక్క, పక్కనే చేతి కటింగ్. వరసగా ఆరు రోజులు గుండు నిలకడగా వస్తేనే రెండోది. ఆ తర్వాత కంప్యూటర్ తూకం, అదీ నెల రోజులు పుస్తకంతో జంటగా. కూలి లెక్క తప్పితే ఏది నిజమో చూపించడానికి పుస్తకం ఉండాలి. పీలింగ్ తర్వాత, సార్టర్ ఆఖరున.

రోజుకి మూడుసార్లు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మెషీన్ నోటి దగ్గర పట్టిన 100 పిక్కలు ట్రేలో పొయ్యండి. నాలుగు కుప్పలు చెయ్యాలి: గుండు, బద్దా ముక్కా, కట్ కానివి, పప్పు మీద బ్లేడు గాటు పడ్డవి. గాటు వీపు మీద తెల్లగా గీతలా కనిపిస్తుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. గాట్లు పెరిగితే సైజులు కలిశాయి, లేదా బ్లేడు సందు బిగిసింది. డొక్క రెండుగా విడినా పప్పు లోపల అంటుకుపోయి, తీస్తే విరుగుతుంటే ఆవిరి చాలలేదు, లేదా వేడి ఆరకుండానే మెషీన్ ఎక్కించారు. బాయిలింగ్ అయ్యాక కనీసం 12 గంటలు పరిచి ఆరనివ్వాలి, తొందరలో చాలాచోట్ల తప్పేది ఇక్కడే. కట్ కానివి పెరిగితే సన్న పిక్క కలిసింది, లేదా బ్లేడు మొద్దుబారింది. ఆవిరి ఎక్కువైతే గుండు నిలుస్తుంది గానీ పప్పు రంగు తిరిగి గ్రేడు పడిపోతుంది, కాబట్టి రంగు కూడా అక్కడే చూడాలి.

ఆ కుప్పలు లెక్కపెట్టేది కటింగ్ ఆడవాళ్లే కావాలి. మేస్త్రి కాదు, ఆఫీసు కుర్రాడు కాదు. ఏళ్ల తరబడి పిక్క పట్టిన చేతికి తెలిసినంత మెషీన్ కంపెనీ మెకానిక్‌కి తెలీదు. వాళ్లు లెక్క కట్టిన అంకె బోర్డు మీద ఉంటే అది వాళ్ల మాట అవుతుంది.

దీని వెనక పాత ఆధారం ఉంది. అమెరికాలో వర్జీనియాలోని హార్వుడ్ పైజామా ఫ్యాక్టరీలో, అదీ పీస్ రేటు (చేసినంతకి కూలి) పనే, లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ చేసిన అధ్యయనం 1948లో అచ్చైంది. పని మార్పు నిర్ణయించేసి చెప్పిన గుంపులో మొదటి 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు, ఉత్పత్తి పాత స్థాయికి రాలేదు. కొత్త పద్ధతి, కొత్త రేటు కట్టడంలో అందరినీ కూర్చోబెట్టిన గుంపుల్లో ఒక్కరూ మానలేదు, ఉత్పత్తి త్వరగా కోలుకుని పాతదాన్ని దాటింది.

రాజాం హెచ్‌ఆర్ జవాబు:

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. కూలి కట్టే పద్ధతి మారినా, యంత్రాల వల్ల మనుషులు తగ్గే అవకాశం ఉన్నా 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇది 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. ఏడాది సర్వీసు నిండినవాళ్లని తీసేయాల్సి వస్తే నెల నోటీసు, సర్వీసు చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం. కిలో లెక్క అయినా కనీస వేతనం కన్నా తగ్గడానికి లేదు. సీజన్ పని కాబట్టి ఎవరి సర్వీసు ఎంతో హాజరు పుస్తకాలు ముందే సరిచూసుకోండి. నోటీసు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి, చదవలేనివాళ్లకి చదివి వినిపించండి.

ఉద్దానం పిక్క:

చాలా ఉపయోగపడ్డాయండి. సైజింగ్ నుంచే మొదలెడతాం. కాదంటున్న మేస్త్రి సంగతే మిగిలింది. ఆయన్ని కటింగ్ నుంచి తప్పించి గోడౌన్‌కి పంపమని ఇంట్లో వాళ్లు అంటున్నారు.

బొబ్బిలి ఫ్లోర్ జవాబు:

పంపకండి. ఎవరికి ఏ పని ఇవ్వాలి, ఏ పిక్కకి ఎంత ఆవిరి అన్నది ఆయన చేతిలో ఉంది కాబట్టే అందరూ ఆయన మాట వింటారు. మెషీన్ వస్తే ఆ రెండూ పోతాయని ఆయన భయం, అది ఉత్త భయం కూడా కాదు. పైగా గుండు పోతుందన్న ఆయన మాటలో నిజముంది, చేతి కటింగ్ అంత గుండు ఆటో మెషీన్ మొదట్లో ఇవ్వదు. దాన్ని అందరి ముందు ఒప్పుకోండి.

ఆయనకి బాయిలింగ్, సైజింగ్ అప్పజెప్పండి, సై అన్నాయనకి కటింగ్. వరసగా రెండు ట్రేల్లో నూటికి 20 దాటి బద్దా ముక్కా వస్తే, మీకు ఫోన్ చెయ్యకుండానే మెషీన్ ఆపే అధికారం ఇద్దరికీ ఇవ్వండి. ఆపినందుకు ఒక్క మాట కూడా అనకూడదు, ఒకసారి అంటే ఇక ఎవరూ ఆపరు. ఇద్దరి బోనస్ బస్తాల మీద కాకుండా ఉమ్మడిగా గుండు శాతం మీద కట్టండి. అప్పుడే బాయిలింగ్ తప్పుని కటింగ్ మీదకి తొయ్యడం ఆగుతుంది.

గుండు లెక్క జవాబు:

దానికి తోడు రోజూ పని మొదలెట్టేముందు బోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడండి. నిన్నటి మూడు ట్రేల అంకెలు, ఈరోజు మార్చేది ఒక్కటే విషయం, నిన్న అడిగిన ప్రశ్నలకి జవాబు. జవాబు లేకపోతే ఏ తారీఖుకి చెప్తారో బోర్డు మీద రాయండి. ఆవిరి నిమిషాలూ బ్లేడు సందూ ఒకే రోజు ముట్టుకోవద్దు. కొత్త లాట్ పిక్క వచ్చిన రోజు మాత్రం మొదట రెండు బస్తాలే ఉడికించి, ఆరబెట్టి, ట్రే చూశాకే మిగతాది బాయిలర్‌లో వెయ్యండి. వానాకాలం మెషీన్లు దింపితే పీలింగ్ ఇంకా వెనక్కి జరపండి, గాల్లో చెమ్మకి ఎండిన పొట్టు మళ్లీ అంటుకుంటుంది, పీలింగ్ మెషీన్‌కి గాలి ఇచ్చే కంప్రెసర్‌లో చేరిన నీరు పూటపూటా వదలకపోతే పప్పు తడుస్తుంది.